నేల మీద ఏది కనిపించినా

అక్కా,

నీ చిట్కా భలే పనిచేసింది. నేల మీద కనిపించిందల్లా గోనెసంచిలో వేసి కొట్టుగదిలో పెట్టి, గది సర్దాకే తిరిగి ఇమ్మన్నావుగా? రెండ్రోజుల్లో పిల్లల గది అద్దంలా మెరిసింది.

ఆ తర్వాత సంచి వాళ్ల చేతికి చిక్కింది. ముందు మీ మరిది చెప్పులు పోయాయి. పొద్దున ఆయన చాప మీద కునుకు తీస్తుంటే చాపతో సహా ఈడ్చుకెళ్లారు. విడిపించబోయి నేను కాలుజారి కూలబడ్డాను. అంతే!

కొట్టుగదిలోంచే రాస్తున్నా. మా బీరువా సర్దితేగానీ వదలరట. బీరువా బయటుంది! నువ్వే వచ్చి సర్దిపెట్టు తల్లీ.

ఈ ఉత్తరం ఇందాక తలుపు కిందనుంచి తోశాను. నేల మీద దొరికిందని సంచిలో వేసి మళ్లీ నా దగ్గరికే తెచ్చారు. ఇప్పుడు కిటికీలోంచి పోస్ట్‌మ్యాన్ చేతికే ఇస్తున్నా.

వచ్చేటప్పుడు బ్యాగు కింద పెట్టకు.

నీ చెల్లి