సైరన్ మోగితే భీముడు ఆగడు

దీపావళి రాత్రి, సారపాక

ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు కాబట్టి ఈసారి మా ఇంట్లో పండుగ లేదు. గుమ్మంలో దీపం కూడా పెట్టలేదు. పక్కింటి సరోజ గోడ మీదుగా పిలిచింది.

"ఏంది వదినా, కుక్క కోసమని తలుపులన్నీ పెట్టుకుని కూసున్నవ్? జర బయటికి రారాదు."

"భీముడు వణుకుతుండు సరోజా, మీరు కాల్చుకోండి" అన్నాను. నిజానికి వాడి వల్ల నాకూ ఒక సాకు దొరికింది.

కిటికీలు మూసి, తలుపు కింద సందులో పాత చీర కుక్కి, టీవీ గట్టిగా పెట్టాను. అయినా వాడు ఆయన మంచం కిందికి దూరాడు. పెరుగన్నం ముట్టలేదు. ఏం పేరు పెట్టారండీ వీడికి!

అంతలో ఆయన పనిచేసిన మిల్లులో రెండో షిఫ్టు వదిలే సైరన్ మోగింది. భీముడు లేచి, ఒళ్లు దులుపుకుని, తలుపు గీరడం మొదలుపెట్టాడు. తీయక తప్పలేదు. వీధిలో లడీలు పేలుతున్నా నేరుగా గేటు దగ్గరికి పోయి, ఆయన బండి వచ్చే వైపు చూస్తూ నిలబడ్డాడు. రోజూ చేసేదే. రోజూ నేనూ వాడి పక్కన నిలబడతాను. ఈరోజు మాత్రం బెదిరి గేటు దూకుతాడేమోనని భయమేసి, మెడపట్టీ పట్టుకున్నాను.

"ఆయన ఇగ రాడు బిడ్డా. లోపలికి పోదాం పా."

ఆ మాట నేను పైకి అనడం ఇదే మొదటిసారి. భీముడు నా మొహం చూశాడు. మళ్లీ రోడ్డు వైపు తిరిగి తోక ఊపాడు.