రాతిపువ్వు వాసన

బిడ్డా రాజమణీ,

మీ మరిది నిశ్చితార్థం బిర్యానీకి వాసన రాలేదని, నువ్వు తెచ్చిన రాతిపువ్వు మసాలా పాతదని చుట్టాల ముందర నిన్ను తిట్టిన. నువ్వు ఏడ్చుకుంట పుట్టింటికి పోయినవు.

నిన్న చార్మినార్ కాడ మసాలా దుకాణంలో రాతిపువ్వు అరచేతిలో నలిపి చూసిన. వాసన లేదు. "పాత సరుకు అమ్ముతవేంది భాయ్?" అని లొల్లి చేసిన. "ఉస్తాద్, గుట్టల నుంచి వచ్చిన మూట ఇప్పుడే విప్పిన, గల్లీ అంతా వాసనే" అన్నడు. పక్కనోళ్ళూ గట్లనే అన్నరు. నలభై ఏండ్ల నుంచి వంట మాస్టర్‌ను. నా ముక్కే పోయింది బిడ్డా.

ఆదివారం ఆ చుట్టాలనే మళ్ళ పిలిచిన. తప్పు నాదని అందరి ముందర నేనే చెప్త. రాతిపువ్వు నువ్వు నలిపి, వాసన చూసి వెయ్యాలె. నేను పొయ్యిలో కట్టెలు పెడుత.

నువ్వు రాకుంటే బిర్యానీ డేగ్ పొయ్యి మీద ఎక్కియ్యను.

మీ మామ