నీ కొంగుకు కట్టిన చీటీ

బిడ్డా నాగమణీ,

నువ్వు పోయిన ఇప్పపూల కాలం మళ్లొచ్చింది. ఈసారి నేను పూలు ఏరబోలేదు. నీ కేసుందని ఖమ్మం కోర్టుకు పోయిన.

పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేసి, అదే పొద్దు నిన్ను ఇంటికి తోలిన దవాఖాన క్యాంపు యాదికున్నది గద. ఆ కాగితాలన్నీ గోదారి వరదల కొట్టుకపోయినయని సర్కారు వకీలు చెప్పిండు. ఆ వరదకు మన గూడెమంత తలదాసుకున్నది ఆ దవాఖానలనే. దాని గడప సుత తడవలే. నేను లేచి ఆ మాటంటే, "నోటిమాట చెల్లదమ్మా" అన్నడు.

"నీ బిడ్డకు చీటీ ఇచ్చి ఉంటరు కదా, అదేది?" అని జడ్జి సారు మెల్లగనే అడిగిండు.

పోయినోళ్ల వస్తువులు మనం ఇంట్ల ఉంచుకోం గద బిడ్డా. నీ చీరలు, దువ్వెన, అన్నం తిన్న పళ్లెం అన్నీ నీతోనే చితి మీద పెట్టినం. ఆ చీటీని నేనే నీ కొంగుకు ముడేసిన. పోయిన లోకంల మళ్ల కడుపునొస్తే, ఏం మందులిచ్చిన్రో ఎవరికన్న చూపెట్టుకుంటవని.

"కాలిపోయింది సారూ" అన్న. ఎనక ఎవరో నవ్విండ్రు.

ఆపరేషన్ జరిగినట్టు ఆధారమే లేదని కేసు కొట్టేసిండ్రు. వాళ్ల లెక్కల నువ్వు ఆ దవాఖాన మెట్టే ఎక్కలేదు. మరి ఆడికెళ్లి వస్తుంటే ఆటోల నా ఒడిల సల్లబడ్డది ఎవలు బిడ్డా?

మీ అమ్మ