తండ్రి పేరు రాసే గడి

బిడ్డ బార్చినాయ్‌కి నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, అమ్మ, కొట్టంలో పశువులు అందరం బాగున్నాం. నువ్వు కూడా ఒంట్లో బాగుండి, వేళకి తింటున్నావని అనుకుంటున్నాం.

నీ ఉత్తరం అందింది. దొలోన్ కనుమ మీద మంచు పడి నాలుగు రోజులు బళ్లు ఆగిపోయాయి, అందుకే జవాబు ఆలస్యమైంది. నాకు ఫోన్‌లో మాటలు రావని నీకు తెలుసు. నువ్వు చేసినప్పుడల్లా "బాగున్నావా, బాగున్నాను" అనేసి అమ్మ చేతికి ఇచ్చేస్తాను. ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది. కాగితం మీదైతే నా ముఖం ఎవరూ చూడరు.

అమ్మ మోకాలు అడిగావు. అలాగే ఉంది. నువ్వు పంపిన మందు కంపు కొడుతుందని తిడుతుంది, తిట్టి మళ్లీ అదే రాసుకుంటుంది. ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. చలికి చచ్చిపోతుందేమోనని వారం రోజులు పొయ్యి పక్కనే కట్టేశాం. ఇప్పుడది ఇల్లంతా తనదే అనుకుంటోంది. "నా ఫీజు కోసం గొర్రెల్ని అమ్మకండి" అని రాశావు. అమ్మదగ్గవి ఆకురాలే రోజుల్లోనే అమ్మేశాం తల్లీ. ఉన్నవి చూడివి.

స్కాలర్‌షిప్పుల సంగతి. మార్కులకిచ్చేది కొంచెంలో పోయిందని రాశావు. పొద్దున్నుంచి క్యాంటీనులో గిన్నెలు తోమి, క్లాసులు పోగొట్టుకుంటే మార్కులు ఎక్కణ్ణుంచి వస్తాయి? విదేశాల సంస్థ వాళ్లకి వ్యాసం రాసి పంపావు, వాళ్లు జవాబే ఇవ్వలేదు. పశువుల కాపరుల పిల్లలకిచ్చేది నీకు తప్పకుండా వస్తుందనుకున్నాను. మన మంద చిన్నదని వెనక్కి పంపారు. మంద చిన్నదైతే కాపరి కాదా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఫీజు కట్టకపోతే పేరు కొట్టేస్తామని డీన్ గారు అన్నారనీ, ఎక్కడైనా స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు అందినట్టు కాగితం చూపిస్తే వేసవి దాకా ఆగుతామన్నారనీ రాశావు. రెండేళ్లు చదివి ఇప్పుడు ఇంటికొస్తే మళ్లీ పుస్తకం పట్టనని కూడా రాశావు. అది చదివి అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

ఇంకో మాట రాశావు. "ఎర్మెక్ అన్నయ్య ఉండుంటే ఈ కాగితాల కోసం ఇలా తిరిగేదాన్ని కాదు. నాన్నా, మన కంట్లో పడనిది ఇంకేదైనా ఉందేమో, ఊరి కార్యాలయంలో ఒకసారి అడుగు" అని.

ఉంది తల్లీ. ఆగస్టు నుంచి నాకు తెలుసు.

కాపరుల స్కాలర్‌షిప్పు కోసం కుటుంబ పత్రం కావాలన్నావు కదా, దానికోసం ఆగస్టులో కార్యాలయానికి వెళ్లాను. మన పక్కింటి కోడలు బూరుల్ అక్కడ గుమాస్తా అని నీకు తెలిసిందే. కూర్చోబెట్టి టీ పోసింది. నీ పత్రం మీద ముద్ర వేసింది. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది.

"తాతా, ఇది రాజధాని నుంచి వచ్చింది. రష్యాకి కూలికెళ్లి అక్కడే చనిపోయినవాళ్ల పిల్లలకట. చదువు అయ్యేదాకా ఫీజంతా ఒక సంస్థ కడుతుందట. తండ్రి పేరు, ఆయన పోయినట్టు పత్రం ఉంటే చాలంట."

"మంచిదే. మన ఊళ్లో ఎవరున్నారు అలాంటి పిల్లలు?" అన్నాను.

బూరుల్ నా వైపు చూడలేదు. ముద్రల పెట్టెని అటు జరిపింది, ఇటు జరిపింది. "ఒక్కరే ఉన్నారు తాతా," అంది.

"అలాంటి పిల్ల మన ఊళ్లో లేదు."

"సరే, లేదు. కాగితమైనా పట్టుకెళ్లు. ఇక్కడుంటే మా ఆఫీసరు దీంట్లో పొద్దుతిరుగుడు గింజలు పొట్లం కట్టుకుంటాడు."

మడిచి టోపీ అస్తరులో పెట్టుకున్నాను. గడువు సెప్టెంబరు ఇరవై. ఆ రోజు కొండ మీద గడ్డి కోస్తున్నాను. పొద్దు వాలాక, హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆ వారంలోనే నువ్వు క్యాంటీనులో పనికి కుదిరానని ఫోన్ చేశావు.

ఇప్పుడు రాయబోయేది నిలబడి చదవకు. కూర్చో.

ఎర్మెక్ నీకు అన్న కాదు. నీ తండ్రి. గుల్‌సూన్ నీకు వదిన కాదు, నిన్ను కన్న తల్లి. నేను నీ తాతని.

మొదటి బిడ్డని తాత, నాయనమ్మల ఒళ్లో పెట్టడం మనవాళ్లలో ఉన్నదే. నీతో చదివినవాళ్లలోనూ అలా పెరిగిన పిల్లలు ఉన్నారు. వాళ్లకి తెలుసు. సెలవులకి కన్నవాళ్ల దగ్గరికి వెళ్తారు, వస్తారు. మాకు ఎర్మెక్ ఒక్కడే కొడుకు. నువ్వు పుట్టిన నలభయ్యో రోజున గుల్‌సూన్ నిన్ను తెచ్చి అమ్మ ఒళ్లో పడుకోబెట్టింది. అప్పటికి దానికి ఇరవై ఏళ్లు. మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మిగతావాళ్లు బిడ్డని ఒళ్లోకి తీసుకుంటారు, పత్రాల జోలికి పోరు. నేను పోయాను. రేపు ఎవరైనా మళ్లీ తీసుకుపోతారేమోనని భయం. ఒక గొర్రెని తోలుకుని జిల్లా రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి, తండ్రి ఒమూర్జక్, తల్లి కలీచా అని రాయమన్నాను. ఆయన అమ్మ వయసు చూశాడు. "నలభై ఎనిమిదా! పెద్దాయనా, ఇంట్లో ఏం తింటున్నారో మాకూ కాస్త చెప్పవయ్యా," అన్నాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. గొర్రె గుమ్మం దగ్గర అరుస్తూనే ఉంది. ఆయన రాసిచ్చాడు.

వాళ్లకి ఇంకా పిల్లలు పుడతారులే అనుకున్నాం. పుట్టలేదు. నీ తర్వాత ఒక్కరూ పుట్టలేదు. ఒకే పెరట్లో, ఆ ఇంట్లో వాళ్లిద్దరూ, ఈ ఇంట్లో నువ్వూ మేమూ. నువ్వు "వదినా, జడ వెయ్యి" అని వెళ్లేదానివి. గుల్‌సూన్ ఒక జడకి బదులు చిన్న చిన్న జడలు ఎన్నో అల్లి చాలాసేపటికి గాని పంపేది కాదు. ఆలస్యమైందని అమ్మ విసుక్కునేది. అదెందుకో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు రోజూ ఆలోచిస్తున్నాను.

దీనికన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. అది అమ్మకి కూడా మొన్నటిదాకా చెప్పలేదు.

కిందటేడు మార్చిలో, చివరిసారి రష్యా వెళ్లేముందు, ఎర్మెక్ కొట్టంలోకి వచ్చాడు. నేను పేడ తీస్తున్నాను. పార నా చేతిలోంచి తీసుకుని తనే తీయడం మొదలుపెట్టాడు. కాసేపటికి, "నాన్నా, ఈసారి వెళ్లేముందు దానికి చెప్పేస్తాను," అన్నాడు.

"ఏమని?"

"నేనెవర్నో."

"నేను పోయాక చెప్పుకో."

వాడు నవ్వాడు. "నువ్వు నాకన్నా గట్టిగా ఉన్నావు. నిన్ను నమ్ముకుంటే నేను ముసలాణ్ణయిపోతాను."

నేను నవ్వలేదు. "నా బిడ్డని నా దగ్గర్నుంచి లాక్కుంటావా?" అన్నాను. వాడు పార గోడకి ఆనించి, "లేదులే నాన్నా," అని వెళ్లిపోయాడు. మే నెలలో అక్కడ కడుతున్న భవనం ఎనిమిదో అంతస్తు దగ్గర సారువ విరిగి, కిందపడి చనిపోయాడు. నీ మొదటి ఏడాది ఫీజు కట్టింది వాడే. చెల్లెలి మీద ఎంత ప్రేమో అని నువ్వు అందరికీ చెప్పుకున్నావు.

వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజు, వాణ్ణి పడుకోబెట్టిన ఉన్ని గుడారంలో ఏడ్చే ఆడవాళ్లతో నువ్వూ గోడవైపు తిరిగి కూర్చున్నావు. తండ్రికి ఏడ్చే ఏడుపు వేరు, అన్నకి ఏడ్చేది వేరు. నువ్వు అన్నకి ఏడ్చావు. గుల్‌సూన్ నీ పక్కనే ఉంది. ఆ గుడారంలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు, నా ముఖం చూసి. నేను బయట కర్ర మీద వంగి నిలబడి విన్నాను. నీ గొంతు మిగతావాళ్ల గొంతుల్లోంచి వేరుగా వినిపించింది.

జనవరిలో అమ్మ నా టోపీ కుడదామని అస్తరు విప్పింది. కాగితం దొరికింది.

"ఏంటయ్యా ఇది?"

"కాగితం."

"కాగితమని నాకూ కనపడుతోంది." చివరిదాకా చదివింది. రెండోసారి చదివింది. "అది అక్కడ జనం ఎంగిలి గిన్నెలు తోముతోంది. నువ్వు దాని ఫీజు నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావా?"

ఎర్మెక్ కొట్టంలో అడిగిన సంగతి అప్పుడే చెప్పాను. అమ్మ అరవలేదు. అరిచుంటే బాగుండేది. మూడు రోజులు నా గిన్నెలో టీ పోసి, గిన్నె నా వైపు తోసేది, అంతే. నాలుగో రోజు చలికోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడి, "పద," అంది.

బూరుల్ ఆ సంస్థకి ఫోన్ చేసింది. రెండో గడువు ఉందట, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. ఈ ఏటికి అదే ఆఖరు. ముందు నీ పుట్టుక పత్రం దిద్దమని కోర్టులో వెయ్యాలి, వేసినట్టు రసీదు ఉంటే దరఖాస్తు తీసుకుంటారట. ఆసుపత్రి పాత రిజిస్టరులో కన్నతల్లిగా గుల్‌సూన్ పేరే ఉంది, అది దొరకడం మన అదృష్టం. తను ఎర్మెక్ పోయి నలభై రోజులు కాగానే పుట్టింటికి, అట్-బాషికి వెళ్లిపోయింది కదా. కబురు పంపితే మంచులో వచ్చింది. సంతకం పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. "దానికి చెప్పారా?" అని మాత్రం అడిగింది. ఇంకా లేదన్నాను. తల వంచుకుంది. ఈ ఉత్తరంతో సంచిలో పంపిన బోర్సోక్ పిండి ఉండలు అమ్మ వేయించినవి కావు. తను తెచ్చినవి.

కోర్టులో ఉన్న అమ్మాయి నాచేత ఒక వాక్యం రాయించింది. ఈ పిల్ల నా కూతురు కాదు అని. "స్పష్టంగా రాయండి తాతా, జడ్జిగారికి అర్థం కావాలి," అంది. స్పష్టంగానే రాశాను.

మిగిలింది నీ వంతు. నీకు పద్దెనిమిది దాటాయి, నువ్వు ఒప్పుకోకుండా ఏదీ మారదు. ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఒకటి కోర్టుది, ఒకటి స్కాలర్‌షిప్పుది. రెండింట్లోనూ తండ్రి పేరు గడి ఖాళీగా ఉంది. నీ చేత్తోనే రాసి సంతకం పెట్టాలి. "నువ్వే పెట్టెయ్ తాతా, అందరూ పెట్టేస్తారు," అంది బూరుల్. పెట్టలేదు. నీ కాగితాల మీద నీకు తెలియకుండా ఒకసారి రాశాను, చాలు.

ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు మెదెర్ శనివారం మధ్యాహ్నం దాకా పడమటి బస్టాండులో ఉంటాడు. ఇవ్వాలనుకుంటే కాగితాలు అతనికివ్వు. సోమవారం నేను కోర్టులో పెడతాను. బూరుల్ ఆ రసీదుతో దరఖాస్తు పంపి, అందినట్టు కాగితం తెప్పించి నీకు చేరుస్తుంది, డీన్ గారికి చూపించుకో. వస్తుందని మాత్రం చెప్పలేను. ఇలాంటి పిల్లలు దేశంలో చాలామంది ఉన్నారట. సెప్టెంబరులో వేసి ఉంటే తప్పకుండా వచ్చేదని సంస్థ ఆవిడ ఫోన్‌లో అంది. ఇప్పుడు మిగిలినవి కొన్నేనట. అది నావల్లే. ఆ సంగతి కూడా నీకు తెలియాలి.

ఇవ్వకూడదనుకుంటే బస్టాండుకి రాకు. మెదెర్ ఎదురుచూసి వచ్చేస్తాడు. నిన్నెవరూ ఏమీ అడగరు. కానీ కోపంతో మాత్రం అలా చెయ్యకు. కోపం నామీద. నీ చదువు నీకేం చేసింది?

అమ్మకి ఫోన్ చెయ్యి. ఆమెనేమీ అనకు. నన్ను అడిగితే ఫోన్ తీసుకుంటాను. అడక్కపోతే పక్కనే కూర్చుంటాను.

మేలో ఎర్మెక్ సంవత్సరీకం. గుడారం మళ్లీ వేస్తాం. వస్తావో రావో, వస్తే లోపల ఎవరిగా కూర్చుంటావో, నువ్వే అనుకో. ఈసారి నేనేమీ చెప్పను.

ఇట్లు అని రాసి చాలాసేపు ఆగిపోయాను. దరఖాస్తు రెండో పేజీలో నేను నీకేమవుతానో బూరుల్ ఇప్పటికే టైపు చేసేసింది. అక్కడొకటి, ఇక్కడొకటి ఉండకూడదు.

ఇట్లు,
నీ తాతయ్య
ఒమూర్జక్