రియల్ అంటే ఏంది?

వైశాఖం, 1996. మంగళవారం.

కోపం ఇంకా దిగలేదు. పెన్‌పహాడ్ రోడ్డు మీది నా చేనును ప్లాట్లు చేయించాలని చిన్నకొడుకు మల్లేశం కోదాడ బ్రోకరును ఇంటికి తెచ్చాడు. ఆ మనిషికి రియల్ తప్ప వేరే మాట రాదు. చేసేది రియల్ వ్యాపారమట.

"రియల్‌గా చెప్తున్నా పెద్దాయనా, మీలాంటి రియల్ రైతును నేను చూళ్లేదండి."

"రియల్ అంటే ఏందిరా?" అని మల్లేశాన్ని అడిగాను.

"నిజం అని నాయినా."

"యాపారానికి అదే మాట, నాకు అదే మాట. అందుల నిజం ఏదిరా?"

"నీకన్నీ కొట్లాటలే. జర సంతకం పెట్టరాదు."

సాయంత్రం చేనుకు పోయి చూస్తే, నన్ను అడగకముందే తెల్లరంగు పూసిన హద్దురాళ్లు పాతేసి ఉన్నాయి. నేను ఒప్పుకోకుండానే వాళ్లకది నిజమైపోయింది. ఏటా ఎండాకాలం తమ్ముడు యాదగిరి గొర్ల మందను రాత్రిళ్లు ఆ చేనులోనే పడుకోబెడతాడు. ఆ ఎరువుకే జొన్న ఏపుగా లేస్తుంది. మల్లేశం పెరిగింది ఆ జొన్నరొట్టెలు తినే. నేను పోయాక వీడు ఎట్లాగూ అమ్ముతాడేమో...

నేనున్నంత వరకు సంతకం పెట్టను. మందను తోలుకురమ్మని యాదగిరికి కబురు పంపాను. రేపు రాత్రి ఆ రాళ్ల మధ్యనే పడుకుంటుంది. ఎల్లుండి కొనేవాళ్లను తెస్తానన్నాడు బ్రోకరు. తేనీ. గొర్ల పెంటికల మీద నడుచుకుంటూ చూసుకుంటారు.