ఖాసిం భాయి ఇల్లు

శేరిలింగంపల్లి, 1949 జనవరి, సోమవారం

ఇరవై ఏళ్లుగా పక్కింట్లో ఉన్న ఖాసిం భాయి ఇల్లు ఈరోజు నా పేర రాయించుకున్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

పోలీసు చర్య తర్వాత ఊళ్లో ముస్లింల మీద రేగిన గొడవలు సద్దుమణిగాయని, ఇక భయం లేదని తహసీలు కచేరీలో పనిచేసే నాకు ముందే తెలుసు. కిందటి నెల అతను వచ్చి, "రామన్నా, ఊరిడిసి పోవాల్నా, ఉండాల్నా? నువ్వు ఉండమంటే ఉంట" అన్నప్పుడు ఆ మాట చెప్పలేదు. ఇల్లు చవగ్గా వస్తుంది, రెండు వాటాలు చేసి కిరాయికి ఇవ్వొచ్చు అనుకుని, "పిల్లలున్నోనివి, పోవుడే మంచిది భాయ్" అన్నాను.

సాయంత్రం స్టేషన్‌లో అతను నన్ను కౌగిలించుకున్నాడు. "పరాయోడు కొనలే, నువ్వు కొన్నవ్. ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు.

అప్పటికి బండి కదలడానికి ఇంకా సమయం ఉండింది. నిజం చెప్పి అతన్ని ఆపి ఉండవచ్చు. నేను అతని పెట్టె లోపలికి అందించాను.