లడఖ్ దారిలో నాంపల్లి

సోమవారం రాత్రి, మే నెల ఉక్క.

లడఖ్ ప్రయాణంలో మొదటి రోజు ముగిసింది. ఆబిడ్స్‌లో మా ఇంటి దగ్గర స్టార్ట్ చేసిన బండిని, ఇంజిన్ వేడెక్కకముందే నాంపల్లిలో చిన్నత్తమ్మ ఇంటి ముందు ఆపాను.

తోడు వచ్చే సరితకు సెలవు బుధవారం నుంచి. ఆ రోజు మంచి గడియ లేదట. "ఇయ్యాల ప్రస్థానం పెట్టు. మా చెల్లె ఇంట్ల ఉండి, గాడికెల్లే పో," అంది అత్తమ్మ. మంచి గడియలో ఇల్లు దాటితే బయల్దేరినట్టే లెక్క. "మళ్ల గడప తొక్కినవో, పోవుడు బంద్," అని కూడా అంది. ఆమెను ఒప్పించడానికే రెండేళ్లు పట్టింది. తలూపాను.

కట్టిన బ్యాగులు విప్పకూడదట. పగలంతా చిన్నత్తమ్మ నైటీలోనే ఉన్నాను. మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లి ఐస్‌క్రీం తిని వస్తానంటే ఆమె వద్దంది. "గటు పోతే మీ ఇంటి తొవ్వనే గద, బిడ్డా!"

సాయంత్రం నా కూతురు ఇంటి నుంచి ఫోన్ చేసింది. నేనింకా నాంపల్లిలోనే ఉన్నానని ఐదేళ్ల పిల్లకు ఎవరూ చెప్పలేదు.

"మమ్మీ, గాడ చలి పెడుతుందా?"

"ఔ, జర," అన్నాను, మెడ మీద చెమట తుడుచుకుంటూ.

అప్పుడే స్టేషన్‌లో రైలు కూసింది. కిటికీలోంచీ వినిపించింది, ఫోన్‌లోంచీ వినిపించింది.

"నీ దగ్గర గూడ రైలుందా మమ్మీ? అయితే ఎక్కి వచ్చెయ్!"

"ఆ రైలు మనింటికి రాదు, నాన్నా," అన్నాను. నడిచి వెళ్లేంత దూరంలో కూర్చుని.